లినక్స్‌లో యూఎస్‌బీ ఆడియోను డీఎస్‌పీకి అప్పగించడం ఎలా?

మీ లినక్స్ ఫోనుకో, బోర్డుకో ఒక యూఎస్‌బీ హెడ్‌సెట్టును గానీ బయటి డ్యాక్‌ను (డిజిటల్ ఆడియోను వినిపించే సంకేతంగా మార్చే పరికరాన్ని) గానీ తగిలించి పాట పెట్టినప్పుడు, శాంపిళ్ళను ప్యాకెట్లుగా కట్టి, వాటిని యూఎస్‌బీ కంట్రోలర్ వరుసలో పెట్టి, అవి వెళ్ళాయో లేదో కనుక్కుని, మళ్ళీ కొత్త ప్యాకెట్లు కట్టే పని మొత్తాన్నీ ప్రధాన ప్రాసెసరే చేస్తుంది. డేటా పరిమాణం చూస్తే ఇది చాలా చిన్న పని: 48 కిలోహెర్ట్జ్, 16 బిట్లు, స్టీరియో అంటే సెకనుకు 192,000 బైట్లే. అయితే దీనిని వేళ తప్పకుండా చేయాలి. ఫుల్ స్పీడ్ పరికరానికి ప్రతి మిల్లీసెకనుకూ ఒక ప్యాకెట్ అందాలి. హై స్పీడ్ పరికరానికి 125 మైక్రోసెకన్లకు ఒకటి అవసరం కావచ్చు. లినక్స్‌లోని యూఎస్‌బీ ఆడియో డ్రైవర్ ఈ ప్యాకెట్లను గుంపులుగా కడుతుంది కానీ, ఒక గుంపులో గరిష్ఠంగా 6 మిల్లీసెకన్ల ఆడియో మాత్రమే పడుతుంది కాబట్టి, పాట నడిచినంతసేపూ సెకనుకు 160 సార్లకు పైగా ప్రాసెసర్ నిద్ర లేవాలి. బ్యాటరీ మీద నడిచే పరికరానికి అసలు ఖర్చు ఇదే.

ఈ పనిని అదే చిప్పులో ఉండే ఆడియో డీఎస్‌పీకి (శబ్ద సంకేతాల పని కోసమే ఉండే చిన్న ప్రాసెసర్‌కు) అప్పగించడాన్ని ఆఫ్‌లోడింగ్ అంటారు. క్వాల్‌కామ్ చిప్పుల కోసం ఈ సదుపాయపు మొదటి ప్యాచ్‌లు 2022 డిసెంబరులో కెర్నల్ డెవలపర్ల ముందుకు వచ్చి, ముప్పైకి పైగా సార్లు తిరగరాయబడి, చివరకు 2025 జూలైలో విడుదలైన 6.16 కెర్నల్‌లో చేరాయి. దానిని మీ పరికరం మీద నిలబెట్టే క్రమాన్ని ఇక్కడ వివరిస్తాను. చెవికి రెండు దారులూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి, పాట వినబడినంత మాత్రాన ఆఫ్‌లోడింగ్ జరుగుతోందని అనుకోకూడదు. ప్రతి మెట్టు దగ్గరా ఏదో ఒకటి చూసి నిర్ధారించుకోవాలి, లేదా కొలవాలి. ఈ వ్యాసంలో కమాండ్ల పేర్లు, ఫైళ్ళ పేర్లు పలికే తీరులో తెలుగు లిపిలో ఉన్నాయి. టైపు చేసేటప్పుడు మామూలుగానే ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడండి.

ముందు హార్డ్‌వేర్ సంగతి

ఈ దారి ఎక్స్86 ల్యాప్‌టాప్ మీద పనిచేయదు. కెర్నల్‌లో మొదట చేరిన డ్రైవర్లు క్వాల్‌కామ్ వారి హెక్సగాన్ డీఎస్‌పీ కోసం, అందులోనూ క్యూ6 ఏఎఫ్‌ఈ అనే వ్యవస్థతో నడిచే తరం ఫర్మ్‌వేర్ కోసం రాసినవి. ఆ తర్వాతి చిప్పులలో వచ్చిన ఆడియోరీచ్ అనే నిర్మాణం వేరు. డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణలన్నీ స్నాప్‌డ్రాగన్ 865, అంటే ఎస్‌ఎం8250 చిప్పు మీద ఇచ్చినవే. ఆ కుటుంబానికే చెందిన ఆర్‌బీ5 బోర్డు ప్రయోగాలకు అనుకూలంగా ఉంటుంది. ఫెయిర్‌ఫోన్ 4కు ఇదే సదుపాయాన్ని జోడించే మార్పులు కూడా 2025లోనే వచ్చాయి కాబట్టి, ఫోను మీద ప్రయత్నించదలచినవారు వాటిని నమూనాగా పెట్టుకోవచ్చు.

డ్యాక్ తగిలించే పోర్టు ఏదన్నది కూడా ముఖ్యమే. చిప్పులోనే ఉన్న డీడబ్ల్యూసీ3 అనే యూఎస్‌బీ కంట్రోలర్‌కు నేరుగా చేరే పోర్టునే వాడాలి. పీసీఐఈ ద్వారా కలిపిన వేరే యూఎస్‌బీ కంట్రోలర్ మీద మీ డ్యాక్ ఉంటే, డీఎస్‌పీకి ఆ కంట్రోలర్ ఉనికే తెలియదు. ప్రయోగం కుదిరేదాకా హబ్బును మధ్యలో పెట్టకపోవడం మేలు. టైప్-సీ పోర్టు అయితే అది హోస్ట్ పాత్రలో ఉండాలి. సిస్ ఫైల్ వ్యవస్థలోని క్లాస్ డైరెక్టరీలో యూఎస్‌బీ-రోల్ అనే చోట ఉన్న రోల్ ఫైలును చదివితే ఆ సంగతి తెలుస్తుంది.

ఇక మిగిలింది ఫర్మ్‌వేర్. ఏడీఎస్‌పీ (అంటే ఆడియో డీఎస్‌పీ) ఫర్మ్‌వేర్‌లో యూఎస్‌బీ ఆడియో సామర్థ్యం లేకపోతే మీరు కెర్నల్‌లో ఎంత కష్టపడినా ఫలితం ఉండదు. ఫోన్లలో ఈ ఫర్మ్‌వేర్ తయారీదారు సంతకంతో ఉంటుంది కాబట్టి, ఇంకో పరికరం నుండి తెచ్చి పెట్టడం కుదరదు. ఆ ఫోనుతో వచ్చిన ఫైలునే వాడాలి.

అప్పగింత ఎలా జరుగుతుంది

ఇది తెలియకుండా ముందుకు వెళ్ళవచ్చు కానీ, ఎక్కడైనా ఆగిపోయినప్పుడు ఎటు చూడాలో తోచదు. ఎక్స్‌హెచ్‌సీఐ ప్రమాణంతో నడిచే యూఎస్‌బీ కంట్రోలర్‌కు ఒకటి కంటే ఎక్కువ ఇంటరప్టర్లు ఉండవచ్చు. ఒక్కొక్క ఇంటరప్టర్‌కూ సొంతంగా ఒక ఈవెంట్ రింగు ఉంటుంది. కంట్రోలర్ పని పూర్తయిన కబురును ఆ రింగులో రాస్తుంది. మామూలుగా లినక్స్ మొదటి ఇంటరప్టర్‌తోనే పని నడిపిస్తుంది. ఎక్స్‌హెచ్‌సీఐ సైడ్‌బ్యాండ్ అనే కొత్త భాగం రెండో రకం ఇంటరప్టర్‌ను, ఆడియో ఎండ్‌పాయింట్ (పరికరంలో డేటా చేరే స్థానం) తాలూకు ట్రాన్స్‌ఫర్ రింగును (పంపవలసిన ప్యాకెట్ల వరుసను) వేరుచేసి ఇతరుల చేతికి ఇచ్చే ఏర్పాటు చేస్తుంది.

మీరు డ్యాక్‌ను తగిలించగానే దానిని గుర్తించడం, డిస్క్రిప్టర్లు చదవడం, వాల్యూమ్ మీటలను సిద్ధం చేయడం ఎప్పటిలాగే ప్రధాన ప్రాసెసర్ మీద నడిచే యూఎస్‌బీ ఆడియో డ్రైవరే చేస్తుంది. ఆ తర్వాత సాక్-యూఎస్‌బీ అనే పొర ఈ కబురును చిప్పు తాలూకు సౌండ్ కార్డుకు చేరవేస్తుంది. అక్కడి క్యూ6యూఎస్‌బీ డ్రైవర్ ఏ కార్డు, ఏ పీసీఎం (కార్డులో ప్లేయర్ తెరిచే ఆడియో పరికరం) అన్న వివరాన్ని డీఎస్‌పీకి చెబుతుంది. పాట మొదలైనప్పుడు డీఎస్‌పీయే తిరిగి క్యూఎంఐ (చిప్పులోని ప్రాసెసర్ల మధ్య సందేశాలు నడిపే క్వాల్‌కామ్ పద్ధతి) సందేశం ద్వారా కెర్నల్‌ను స్ట్రీమ్ అడుగుతుంది. కెర్నల్ ఆ ఎండ్‌పాయింట్‌ను సిద్ధం చేసి, రింగుల చిరునామాలనూ బఫర్ల చిరునామాలనూ జవాబుగా పంపుతుంది. అక్కడి నుండి ప్యాకెట్లు కట్టడం, కంట్రోలర్‌కు అందించడం, ఈవెంట్లు చదవడం డీఎస్‌పీ పని. కంట్రోల్ ట్రాన్స్‌ఫర్లు మాత్రం ఎప్పటికీ ప్రధాన ప్రాసెసర్ దగ్గరే ఉంటాయి. వాల్యూమ్‌ను డీఎస్‌పీ కార్డు మీద కాక, యూఎస్‌బీ కార్డు మీదే మార్చాలన్న నియమం ఇక్కడి నుండే వస్తుంది.

కెర్నల్‌లో చేర్చవలసినవి

6.16 లేదా ఆ తర్వాతి కెర్నల్ సోర్సును తీసుకుని, మీ బోర్డుకు ఇప్పటికే పనిచేస్తున్న కాన్ఫిగ్ ఫైలుతో మొదలుపెట్టండి. మెనూకాన్ఫిగ్ తెరిచి నాలుగు ఆప్షన్లు చూడాలి. యూఎస్‌బీ హోస్ట్ కంట్రోలర్ల విభాగంలో ఎక్స్‌హెచ్‌సీఐ సైడ్‌బ్యాండ్, అల్సా (లినక్స్ సౌండ్ వ్యవస్థ) సాక్ విభాగంలో సాక్-యూఎస్‌బీ, క్వాల్‌కామ్ ఆడియో డ్రైవర్లలో క్యూడీఎస్‌పీ6 యూఎస్‌బీ, అల్సా యూఎస్‌బీ పరికరాల విభాగంలో క్యూఎంఐతో నడిచే క్వాల్‌కామ్ ఆడియో ఆఫ్‌లోడ్ డ్రైవర్. ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉండటం వల్ల చివరిది మెనూలో కనిపించకపోతే, దానికి ఆధారమైన ఆప్షన్లలో ఏదో ఒకటి మీ కాన్ఫిగ్‌లో లేదని అర్థం. మెనూకాన్ఫిగ్‌లో స్లాష్ నొక్కి పేరుతో వెతికితే, ఏ ఆధారం తీరలేదో అదే చూపిస్తుంది. వీటితో పాటు డీఎస్‌పీని నడిపించి దానితో మాట్లాడే రిమోట్‌ప్రాక్, క్యూఆర్‌టీఆర్, పీడీ మ్యాపర్ కూడా ఉండాలి. బోర్డు స్పీకర్ ఇప్పటికే మోగుతోందంటే ఇవన్నీ ఉన్నట్టే. ఆ స్పీకరే మోగని పరికరం మీద ఆఫ్‌లోడింగ్‌ను ప్రయత్నించడం వృథా శ్రమ, ముందు దానిని బాగుచేసుకోండి.

డివైస్ ట్రీలో మూడు మార్పులు

డివైస్ ట్రీ అంటే బోర్డులోని హార్డ్‌వేర్ వివరాలను కెర్నల్‌కు చెప్పే ఫైలు. ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే కాబట్టి నిదానంగా చేయండి.

మొదటిది కంట్రోలర్ నోడ్. డీడబ్ల్యూసీ3 డ్రైవర్ తన అంతట తాను ఒకే ఒక ఇంటరప్టర్‌ను అడుగుతుంది. డీఎస్‌పీకి ఇవ్వడానికి మరొకటి కావాలి కాబట్టి, నమ్-హెచ్‌సీ-ఇంటరప్టర్స్ అనే ప్రాపర్టీని ఆ నోడ్‌లో చేర్చాలి. ఇది 16 బిట్ల సంఖ్య. గరిష్ఠ విలువ 8. మామూలు 32 బిట్ల సంఖ్యలా రాస్తే డ్రైవర్ తప్పు విలువ చదువుతుంది, కాబట్టి విలువకు ముందు స్లాషుల మధ్య బిట్స్ అని, పక్కన 16 అని తప్పకుండా రాయండి.

రెండోది క్యూ6యూఎస్‌బీ నోడ్. దీనిని ఏడీఎస్‌పీ నోడ్ కింద, ఏఎఫ్‌ఈ సేవ లోపల పెట్టాలి. ఇందులో కంపాటిబుల్ పేరు, సౌండ్-డాయ్-సెల్స్ విలువ 1, డీఎస్‌పీ ఏ స్ట్రీమ్ ఐడీతో మెమరీని చూస్తుందో చెప్పే ఐఓఎమ్ఎమ్‌యూ వివరం, ఇంటరప్టర్ సంఖ్యను చెప్పే యూఎస్‌బీ-ఆడియో-ఇంటర్-ఐడీఎక్స్ ప్రాపర్టీ ఉంటాయి. ఎస్‌ఎం8250 ఉదాహరణలో ఆ స్ట్రీమ్ ఐడీ హెక్సాలో 180ఎఫ్, ఇంటరప్టర్ సంఖ్య 2. ఈ రెండు సంఖ్యలనూ వేరే చిప్పుకు గుడ్డిగా తీసుకుపోకూడదు. ఐఓఎమ్ఎమ్‌యూ అనేది వాకిట్లో కాపలాదారు వంటిది: డీఎస్‌పీ అడిగే ప్రతి చిరునామానూ అది జాబితాతో సరిచూస్తుంది, ఐడీ తప్పయితే డీఎస్‌పీకి రింగులు కనిపించవు, మీకు డీమెసేజ్‌లో (కెర్నల్ లాగ్‌లో) ఎస్ఎమ్ఎమ్‌యూ (ఈ చిప్పులోని ఐఓఎమ్ఎమ్‌యూ) ఫాల్టులు మాత్రం కనిపిస్తాయి. మీ చిప్పు విలువల కోసం తయారీదారు విడుదల చేసిన ఆండ్రాయిడ్ కెర్నల్ డివైస్ ట్రీని చూడటం అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి.

మూడోది సౌండ్ కార్డు నోడ్‌లో కొత్త డాయ్ (డిజిటల్ ఆడియో ఇంటర్‌ఫేస్) లింకు. దాని సీపీయూ వైపు ఏఎఫ్‌ఈ డాయ్ యూఎస్‌బీ-ఆర్ఎక్స్ పోర్టును, కోడెక్ వైపు మీరు ఇప్పుడే చేర్చిన క్యూ6యూఎస్‌బీ నోడ్‌ను, ప్లాట్‌ఫామ్ వైపు క్యూ6రూటింగ్‌ను చూపించాలి. లింకు పేరు యూఎస్‌బీ ప్లేబ్యాక్ అని ఉంచితే తర్వాత లాగ్‌లో వెతకడం సులువవుతుంది. ఏఎఫ్‌ఈ డాయ్ దృష్టిలో ఆర్ఎక్స్ అంటే వినిపించే దిశే, గందరగోళపడవద్దు. ఈ సదుపాయం ప్లేబ్యాక్‌కు మాత్రమే. మైకు రికార్డింగు పాత దారిలోనే సాగుతుంది.

బూటు చేశాక చూడవలసినవి

డ్యాక్ తగిలించకుండానే బూటు చేసి, ముందుగా ఏడీఎస్‌పీ నడుస్తోందో లేదో చూడండి. సిస్ కింద క్లాస్, రిమోట్‌ప్రాక్ డైరెక్టరీలలో ఉన్న స్టేట్ ఫైలులో రన్నింగ్ అన్న మాట ఉండాలి. తర్వాత ప్రాక్ కింద ఏసౌండ్ డైరెక్టరీలోని కార్డ్స్ ఫైలును చదవండి. చిప్పు తాలూకు సౌండ్ కార్డు సాధారణంగా 0వ సంఖ్యతో కనిపిస్తుంది. కొత్త డాయ్ లింకు చేర్చాక ఈ కార్డే మాయమైతే, ఆ లింకులో మీరు పేర్కొన్న మూడు భాగాలలో ఒకటి ఇంకా సిద్ధం కాలేదని అర్థం. డీబగ్ఎఫ్ఎస్‌లోని డివైసెస్-డిఫర్డ్ ఫైలు ఏ భాగం కోసం ఎదురుచూస్తోందో చెబుతుంది. చాలా సందర్భాలలో క్యూ6యూఎస్‌బీ మాడ్యూలు లోడ్ కాకపోవడమే కారణమవుతుంది.

ఇప్పుడు డ్యాక్‌ను తగిలించండి. అది 1వ కార్డుగా వచ్చిందనుకుందాం. ఏసౌండ్ డైరెక్టరీలో కార్డ్1 లోపలి స్ట్రీమ్0 ఫైలు తెరిస్తే ఆ డ్యాక్ అంగీకరించే ఫార్మాట్లు, శాంపిల్ రేట్లు, చానళ్ళ సంఖ్య వరుసగా కనిపిస్తాయి. అందులో 48,000 హెర్ట్జ్, రెండు చానళ్ళు ఉన్నాయో లేదో ప్రత్యేకంగా గమనించండి. ఎస్‌ఎం8250 సౌండ్ కార్డు డ్రైవర్ డీఎస్‌పీ నుండి బయటకు వెళ్ళే అన్ని దారులనూ 48,000 హెర్ట్జ్, రెండు చానళ్ళకే బిగిస్తుంది. మీరు 192 కిలోహెర్ట్జ్ ఫైలును పెట్టినా డీఎస్‌పీ దానిని 48కి మార్చే పంపుతుంది. హై-రెజొల్యూషన్ ఫైళ్ళను ఏ మార్పూ లేకుండా డ్యాక్‌కు పంపాలన్నది మీ కోరిక అయితే ఈ దారి మీకు తగినది కాదని నిర్మొహమాటంగా చెబుతాను. ఇది బ్యాటరీ ఆదా కోసం పుట్టిన ఏర్పాటు, శబ్ద నాణ్యత కోసం కాదు.

దారి తెరిచి పాట పెట్టడం

మీ పరికరంలో పైప్‌వైర్ అనే సౌండ్ సర్వర్ నడుస్తుంటే, యూఎస్‌బీ కార్డు కనిపించగానే అది దానిని తన ఆధీనంలోకి తీసుకుంటుంది. ఒక యూఎస్‌బీ ఎండ్‌పాయింట్‌ను పాత దారి, కొత్త దారి ఒకేసారి వాడలేవు. ఎవరు ముందు తెరిస్తే వారిదే, రెండోవారికి పరికరం ఖాళీగా లేదన్న ఎర్రర్ వస్తుంది. అందువల్ల ప్యాక్టిల్ కమాండ్‌తో ఆ యూఎస్‌బీ కార్డు ప్రొఫైల్‌ను ఆఫ్ చేయండి. 0వ కార్డు ప్రొఫైల్‌ను కూడా ప్రయోగం ముగిసేదాకా ఆఫ్‌లో ఉంచడం మంచిది.

ఆ తర్వాత వాల్యూమ్. సౌండ్ సర్వర్ మధ్యలో లేనప్పుడు డ్యాక్ తన గరిష్ఠ స్థాయిలో ఉండే అవకాశం ఉంది. హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకోకముందే అల్సామిక్సర్‌లో 1వ కార్డును ఎంచుకుని స్థాయి బాగా తగ్గించండి.

ఇప్పుడు 0వ కార్డు మీద దారి తెరవాలి. ఏమిక్సర్ కమాండ్‌ను 0వ కార్డుకు కంట్రోల్స్ అనే మాటతో నడిపి, వచ్చిన పొడవాటి జాబితాలో యూఎస్‌బీ అన్న పదం కోసం వెతకండి. యూఎస్‌బీ మిక్సర్ అని మొదలై మల్టీమీడియా1, మల్టీమీడియా2 అంటూ ముగిసే స్విచ్చులు కనిపిస్తాయి. ఒక్కో మల్టీమీడియా ఒక్కో ఫ్రంటెండ్ పీసీఎం. ప్లేయర్ తెరిచేది దానినే. మల్టీమీడియా1 స్విచ్చును ఆన్ చేసి, అదే ఫ్రంటెండ్‌ను స్పీకర్ వైపు కలిపే స్విచ్చు ఏదైనా ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. లేకపోతే పాట రెండు చోట్లా మోగుతుంది.

ఇక 1వ కార్డు వైపు చూడండి. ఆఫ్‌లోడ్ డ్రైవర్ ఆ కార్డుకు చదవడానికి మాత్రమే వీలయ్యే రెండు కంట్రోళ్ళను చేరుస్తుంది: ఒకటి యూఎస్‌బీ ఆఫ్‌లోడ్ ప్లేబ్యాక్ కార్డ్ రూట్, రెండోది యూఎస్‌బీ ఆఫ్‌లోడ్ ప్లేబ్యాక్ పీసీఎం రూట్, రెండింటి చివరా పీసీఎం సంఖ్య ఉంటుంది. మొదటిది ఏ సౌండ్ కార్డు ద్వారా, రెండోది ఆ కార్డులో ఏ పీసీఎం ద్వారా ఈ డ్యాక్‌కు ఆఫ్‌లోడ్ దారి ఉందో చెబుతాయి. రెండింటిలోనూ 0 ఉంటే, 0వ కార్డులోని 0వ పీసీఎంను తెరవాలన్నమాట. -1 అంటే ప్రస్తుతం దారి లేదు. ఈ కంట్రోళ్ళు అసలు లేకపోవడం వేరు, ఉండి -1 చూపించడం వేరు: మొదటి సందర్భంలో ఆఫ్‌లోడ్ మాడ్యూలు లోడ్ కాలేదు, రెండో సందర్భంలో మిక్సర్ స్విచ్చునో డాయ్ లింకునో అనుమానించాలి. ఒకటికి మించి యూఎస్‌బీ ఆడియో పరికరాలు ఉన్నప్పుడు క్యూ6యూఎస్‌బీ చివరగా తగిలించిన దానికే దారి ఇస్తుంది.

సంఖ్యలు సరిగా కనిపించాక, 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ల స్టీరియో వేవ్ ఫైలు ఒకటి తీసుకుని, ఏప్లే కమాండ్‌కు పరికరం పేరుగా హెచ్‌డబ్ల్యూ, కోలన్, 0, కామా, 0 ఇచ్చి నడపండి. మీరు తెరిచినది చిప్పు కార్డును, మోగవలసినది యూఎస్‌బీ హెడ్‌ఫోను.

నిజంగా డీఎస్‌పీయే పంపుతోందా?

ప్రాక్ కింద ఇంటరప్ట్స్ ఫైలులో ఎక్స్‌హెచ్‌సీఐ-హెచ్‌సీడీ వరుసను కనిపెట్టండి. మొదట పాత దారిలో, అంటే 1వ కార్డును నేరుగా తెరిచి పాట పెట్టి, పది సెకన్ల వ్యవధిలో ఆ వరుసలోని సంఖ్య ఎంత పెరిగిందో రాసుకోండి. ముందు లెక్కించినట్టు అది 1,600కు పైగా ఉండాలి. తర్వాత ఆ ప్లేయర్‌ను పూర్తిగా మూసి, కొత్త దారిలో అదే పాటను పెట్టి మళ్ళీ పది సెకన్లు చూడండి. ఈవెంట్లు ఇప్పుడు డీఎస్‌పీ రింగులోకి పోతాయి కాబట్టి సంఖ్య దాదాపు కదలకూడదు. పాట మధ్యలో వాల్యూమ్ మారిస్తే ఒకటి రెండు పెరుగుతాయి. అవి కంట్రోల్ ట్రాన్స్‌ఫర్లు, సహజమే. అదే కంట్రోలర్ మీద కీబోర్డో పెన్‌డ్రైవో ఉంటే ఈ కొలత చెడిపోతుంది కాబట్టి వాటిని ముందే తీసివేయండి.

ఇంటరప్టులు ఆగినంత మాత్రాన ప్రాసెసర్ నిద్రపోతోందని చెప్పలేము. చాలా మంది ఇక్కడితో సంతృప్తి చెంది ఆగిపోతారు గానీ, అసలు ఆదా రావడానికి ఇంకో అడుగు ఉంది.

నిద్ర మిగలాలంటే

ప్లేయర్ ఫ్రంటెండ్‌లోకి డేటాను పీరియడ్ల చొప్పున నింపుతుంది. ఒక పీరియడ్ ఖాళీ అయిన ప్రతిసారీ డీఎస్‌పీ కబురు పంపి ప్రాసెసర్‌ను లేపుతుంది. 48 కిలోహెర్ట్జ్ వద్ద 1,024 ఫ్రేముల పీరియడ్ అంటే 21 మిల్లీసెకన్లు. సెకనుకు 47 సార్లు లేవాలి. 256 ఫ్రేములు పెట్టిన సౌండ్ సర్వర్ అయితే సెకనుకు 187 సార్లు లేపుతుంది, అంటే యూఎస్‌బీ వైపు మిగిల్చినదంతా ఇటు ఖర్చయిపోయింది. డీఎస్‌పీ వైపు పీసీఎం డ్రైవర్‌లో ఒక పీరియడ్ గరిష్ఠంగా 65,536 బైట్లు ఉండవచ్చు. 16 బిట్ల స్టీరియోలో అది 16,384 ఫ్రేములు, దాదాపు 341 మిల్లీసెకన్లు. ఏప్లేకు పీరియడ్-సైజ్‌గా 16,384నూ, బఫర్-సైజ్‌గా 65,536నూ ఫ్రేముల లెక్కన ఇచ్చి మళ్ళీ కొలవండి. సెకనుకు మూడు సార్లు లేస్తే చాలు. పాజ్ నొక్కినా, ట్రాక్ మార్చినా స్పందన కాస్త ఆలస్యమవుతుంది. పాటలు వినడానికి ఇది అడ్డు కాదు, ఆటలకూ కాల్స్‌కూ మాత్రం పనికిరాదు.

ఇంతకన్నా ఆదా కావాలంటే డీకోడింగును కూడా డీఎస్‌పీకే ఇవ్వాలి. క్యూ6ఏఎస్ఎమ్ డ్రైవర్‌లో ఎంపీ3, ఫ్లాక్ వంటి ఫార్మాట్లకు కంప్రెస్డ్ దారి ఉంది. డివైస్ ట్రీలో ఆ ఫ్రంటెండ్ డాయ్ కింద ఇజ్-కంప్రెస్-డాయ్ అన్న ప్రాపర్టీ ఉన్నదే దీనికి పనికివస్తుంది. ఆ ఫ్రంటెండ్‌కు సంబంధించిన యూఎస్‌బీ మిక్సర్ స్విచ్చును ఆన్ చేసి, టైనీకంప్రెస్ ప్యాకేజీలోని సీప్లే కమాండ్‌తో ఫైలును నేరుగా పంపండి. 320 కిలోబిట్ల ఎంపీ3 సెకనుకు 40,000 బైట్లు మాత్రమే కాబట్టి, 128 కిలోబైట్ల ఒక్క ముక్క మూడు సెకన్లకు పైగా వస్తుంది. అంతసేపూ ప్రాసెసర్‌కు పాటతో పనే లేదు. నా అభిప్రాయంలో ఈ మొత్తం ఏర్పాటుకు సార్థకత ఈ మెట్టు దగ్గరే ఉంది.

ఫలితాన్ని సీపీయూఐడిల్ లెక్కలతో చూడండి. సిస్ కింద ప్రతి సీపీయూ డైరెక్టరీలోనూ సీపీయూఐడిల్ అనే చోట ఒక్కో నిద్ర స్థాయికి ఒక్కో స్టేట్ డైరెక్టరీ, అందులో టైమ్ ఫైలు ఉంటాయి. అది మైక్రోసెకన్లలో ఉంటుంది. ఒక్కో నిమిషం పాటు పాట లేకుండా, పాత దారిలో, కొత్త దారిలో, కంప్రెస్డ్ దారిలో అతి లోతైన స్థాయి సమయం ఎంత పెరిగిందో పోల్చండి. స్క్రీన్ ఆఫ్‌లో ఉండాలి, వైఫై ద్వారా లాగిన్ అయి కొలవకూడదు. కొలిచే పనే ప్రాసెసర్‌ను లేపుతుంది కాబట్టి విలువలను మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మాత్రమే చదివే చిన్న స్క్రిప్టు రాసుకోండి. ఫోను అయితే పవర్-సప్లై డైరెక్టరీలోని కరెంట్-నౌ విలువ కూడా ఉపయోగపడుతుంది. ప్రాసెసర్ కోర్ల నిద్రకూ, మొత్తం సిస్టమ్ సస్పెండ్‌కూ తేడా ఉందని గుర్తుంచుకోండి: సిస్టమ్ సస్పెండ్ అయితే ఆఫ్‌లోడ్ డ్రైవర్ స్ట్రీమ్‌ను ముగిస్తుంది, పాట ఆగిపోతుంది.

పని మొరాయిస్తే

ఏప్లే వెంటనే ఎర్రర్‌తో ఆగిపోతే ముందుగా పరికరాన్ని ఇంకెవరైనా తెరిచారేమో చూడండి. ఎఫ్‌యూజర్ కమాండ్‌ను డెవ్ కింద ఎస్ఎన్‌డీ డైరెక్టరీలోని పీసీఎం ఫైళ్ళ మీద నడిపితే ఆ ప్రాసెస్ పేరు బయటపడుతుంది. ఎవరూ లేకపోయినా హార్డ్‌వేర్ పారామీటర్ల దగ్గరే ఆగుతోందంటే, డ్యాక్‌కు 48,000 హెర్ట్జ్ స్టీరియో రాదేమోనని స్ట్రీమ్0 ఫైలును మళ్ళీ చదవండి. కొన్ని ఒకే చానల్ కాన్ఫరెన్స్ స్పీకర్లు ఈ కారణంగానే పనిచేయవు.

ఎర్రర్ ఏమీ లేకుండా సమయం మాత్రం గడిచి, శబ్దం రాకపోతే అనుమానం డీఎస్‌పీ మీదికి పోవాలి. డీమెసేజ్‌లో ఎస్ఎమ్ఎమ్‌యూ ఫాల్టు ఉంటే స్ట్రీమ్ ఐడీ తప్పు. ఫాల్టు లేకపోతే ఇంటరప్టర్ సంఖ్యను, నమ్-హెచ్‌సీ-ఇంటరప్టర్స్ విలువను చూడండి. ఇంటరప్టర్ల లెక్క 0 నుండి మొదలవుతుంది కాబట్టి 2వ సంఖ్యను అడిగినప్పుడు మొత్తం కనీసం 3 ఉండాలి. ఆ రెండూ సరిగానే ఉన్నా క్యూఎంఐ అభ్యర్థన జాడే లేకపోతే, ఆ ఫర్మ్‌వేర్‌లో ఈ సామర్థ్యం లేదని ఒప్పుకోక తప్పదు. ఆఫ్‌లోడ్ డ్రైవర్‌కు డైనమిక్ డీబగ్ ఆన్ చేస్తే అభ్యర్థన వచ్చిందో రాలేదో స్పష్టంగా తెలుస్తుంది.

పాట నడుస్తుండగా డ్యాక్‌ను పీకి చూడటం కూడా పరీక్షలో భాగమే. కెర్నల్ డీఎస్‌పీకి డిస్‌కనెక్ట్ సందేశం పంపి, రింగులను వెనక్కి తీసుకోవాలి. తిరిగి తగిలించినప్పుడు రూట్ కంట్రోళ్ళు మళ్ళీ పాత విలువలు చూపించాలి. అలా కాక ఏడీఎస్‌పీ క్రాష్ అయి తిరిగి మొదలైతే, కెర్నల్ స్థిర శాఖలో ఆ తర్వాత వచ్చిన సవరణలు చేర్చుకుని మళ్ళీ ప్రయత్నించండి.

అంతా కుదిరాక, మిక్సర్ స్విచ్చులను అల్సాక్టిల్ స్టోర్ కమాండ్‌తో భద్రపరచండి. రోజువారీ వాడకానికి 0వ కార్డు యూసీఎం ఫైలులో (ఏ వాడకానికి ఏ స్విచ్చులు మార్చాలో చెప్పే అల్సా ఫైలులో) యూఎస్‌బీ కోసం ఒక కొత్త పరికరాన్ని రాసి, ఆ స్విచ్చును ఆన్ చేయడాన్ని దాని ఎనేబుల్ వరుసలో, ఆఫ్ చేయడాన్ని డిజేబుల్ వరుసలో పెట్టండి. క్వాల్‌కామ్ డ్రైవర్ యూఎస్‌బీ ఆఫ్‌లోడ్ జాక్ అనే జాక్‌ను కూడా నమోదు చేస్తుంది కాబట్టి, డ్యాక్ ఉన్నదీ లేనిదీ దాని ద్వారానే తెలుసుకోవచ్చు. పైప్‌వైర్‌ను నిర్వహించే వైర్‌ప్లంబర్‌లో యూఎస్‌బీ కార్డుకు డివైస్-డిజేబుల్డ్ నియమం పెడితే పాత దారి మూసుకుంటుంది. అయితే ఆ నియమం హెడ్‌సెట్టు మైకును కూడా మూసివేస్తుంది కాబట్టి, కాల్స్‌కు వాడే హెడ్‌సెట్టుకు దానిని పెట్టకుండా, పాటలకు మాత్రమే వాడే డ్యాక్‌కు దాని పేరుతో పరిమితం చేయండి.